హైదరాబాద్‌లో లైవ్ జాజ్ నడపాలంటే ముందు ఒక బుధవారం పట్టుకోండి

మీ ప్రశ్న చదివాను. సొంత ట్యూన్లు వాయించే నలుగురి బృందం ఉంది, జూబ్లీహిల్స్‌లో ఒక కెఫేలో రెండు షోలు చేశారు, మొదటిదానికి స్నేహితులూ చుట్టాలూ వచ్చి హాలు నిండింది, రెండోదానికి పట్టుమని పదిమంది లేరు. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్ మీద డబ్బు పెట్టాలా, లేకపోతే ఊరంతా తిరిగి చూసేలా రెండ్రోజుల జాజ్ ఫెస్టివల్ ఒకటి పెట్టేయాలా అని అడుగుతున్నారు. రెండూ ఇప్పుడే వద్దు. నేను కొన్నేళ్లు బెంగళూరులో, ఆ తర్వాత ఇక్కడ, చిన్న చిన్న గదుల్లో ఇలాంటి షోలు బుక్ చేస్తూ, సౌండ్ చూసుకుంటూ, గుమ్మం దగ్గర టికెట్లు చింపుతూ వచ్చినవాణ్ని. కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిక చేసుకోండి.

ఫెస్టివల్ సంగతి ముందు తేల్చేద్దాం. మన దేశంలో జాజ్‌కి పెద్ద పండగలు కొత్త కాదు. 1978లో బొంబాయిలో జాజ్ యాత్ర మొదలైంది, నిరంజన్ ఝవేరీ, ఆయన మిత్రులు పూనుకుని నడిపారు, అమెరికన్ సాక్సోఫోన్ దిగ్గజం సోనీ రోలిన్స్ అంతటివాడు వచ్చి వాయించాడు. రంగ్ భవన్ అనే ఆరుబయట వేదిక ఆ రోజుల్లో దానికి ఇల్లులాంటిది. తర్వాత పక్కనే కాలేజీ, ఆసుపత్రి ఉన్నాయని ఆ చోటు సైలెన్స్ జోన్ కిందికి పోయి, అక్కడ సంగీతమే ఆగిపోయింది. మన ఊరి సంగతే చూడండి, అమెరికా విదేశాంగ శాఖ 1963లో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందాన్ని ఇటువైపు దేశాలకు పంపినప్పుడు ఆ పర్యటనలో హైదరాబాద్ కూడా ఉంది. ప్రపంచంలోనే పేరుమోసిన బృందం వచ్చి వెళ్లింది, మరి ఆ మరుసటి వారం జాజ్ వినాలనిపించినవాడు ఈ ఊళ్లో ఎక్కడికి వెళ్లగలిగాడు? సికింద్రాబాద్ రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో డ్యాన్సులకి వాయించే బ్యాండ్లు ఉండేవి, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల పుణ్యమా అని, కానీ టికెట్ కొని కూర్చుని వినే చోటంటూ ఏదీ నిలదొక్కుకోలేదు. పెద్ద కచేరీ ఒకటి జరిగితే జనం పదేళ్లు చెప్పుకుంటారు, అంతే. వచ్చే వారం మళ్లీ రావడానికి వాళ్లకి ఒక చోటూ ఒక రోజూ ఉండాలి కదా.

న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అని ఓ నేలమాళిగ క్లబ్బు ఉంది, 1935 నుంచీ ఉంది. అందులో 1966 ఫిబ్రవరిలో థాడ్ జోన్స్, మెల్ లూయిస్ కలిసి సోమవారం సోమవారం ఒక పెద్ద బ్యాండు వాయించడం మొదలుపెట్టారు. ఆ ఇద్దరూ పోయారు, సోమవారం మాత్రం పోలేదు, ఇప్పటికీ అదే బ్యాండు వేరే పేరుతో అక్కడే వాయిస్తోంది. అది పాతకాలం జాజ్, మాది కాంటెంపరరీ అంటారేమో, అయితే లండన్ చూడండి. ఇవాళ అందరూ గొప్పగా చెప్పుకునే ఆ కుర్రాళ్ల జాజ్ వెనక రెండు పట్టుదలలు ఉన్నాయి. ఒకటి, 1991లో గ్యారీ క్రాస్బీ, జనీన్ ఐరన్స్ పెట్టిన టుమారోస్ వారియర్స్, పిల్లలకి ఉచితంగా జాజ్ నేర్పే సంస్థ. రెండు, 2003 నుంచీ పోర్టొబెల్లో రోడ్డులోని ఓ చిన్న బార్‌లో జాజ్ రిఫ్రెష్డ్ వాళ్లు గురువారం గురువారం పెట్టిన షో. ఎజ్రా కలెక్టివ్ అనే లండన్ జాజ్ బృందం 2023లో మెర్క్యురీ ప్రైజ్, అంటే బ్రిటన్‌లో ఏటా ఒక ఆల్బమ్‌కి ఇచ్చే పెద్ద బహుమతి, గెలిచినప్పుడు అందరూ ఉన్నట్టుండి జరిగిందనుకున్నారు గానీ, ఆ కుర్రాళ్లు కలుసుకున్నదే ఆ పిల్లల క్లాసుల్లో.

కాబట్టి మీరు చేయాల్సింది నెలకి రెండు బుధవారాలు పట్టుకోవడం. వారం వారం అంటే ఇప్పుడే మీ వల్ల కాదు, నెలకోసారి అంటే జనం మర్చిపోతారు. మొదటి బుధవారం, మూడో బుధవారం, అదే గది, అదే టైము, ఆరు నెలలు, వానొచ్చినా వరదొచ్చినా. ఒక్క షో క్యాన్సిల్ చేశారంటే అప్పటిదాకా పోగేసిన నమ్మకం సగం పోతుంది, ఎందుకంటే రెండోసారి రావాలా వద్దా అని ఊగుతున్నవాడు ముందు చూసేది అసలు ఉందా లేదా అనే.

బుధవారమే ఎందుకంటే, మన ఊళ్లో మంచి వాద్యకారులు బతికేది పెళ్లిళ్ల సంగీత్‌ల మీద, కార్పొరేట్ ఈవెంట్ల మీద, సినిమా రికార్డింగుల మీద. శుక్ర, శని, ఆదివారాలు వాళ్లు మీకు దొరకరు, దొరికినా చివరి నిమిషంలో ఇరవై వేల పెళ్లి వస్తే మీ మూడు వేల షోని వదిలేసి పోతారు, వాళ్లని తిట్టడానికి కూడా లేదు. ఇంకో సంగతి, పంచాంగం దగ్గర పెట్టుకోండి. నవ్వకండి, నిజంగానే. శ్రావణం, మాఘం ముహూర్తాలప్పుడు సాక్సోఫోన్ వాడు దొరకడం గగనం. ఆషాఢంలో, మూఢం రోజుల్లో పెళ్లిళ్లు ఉండవు, వాళ్లంతా ఖాళీ, చేతులు దురద పెడుతుంటాయి, రిహార్సల్‌కి కూడా వస్తారు. కొత్త కంపోజిషన్లు, ఏడుగురు ఎనిమిది మందితో చేసే పెద్ద షోలు అప్పుడు పెట్టుకోండి. సంక్రాంతి వారం ఊరే ఖాళీ, వినాయక నిమజ్జనం వారం రోడ్లే ఉండవు, ఈ రెండూ ముందే క్యాలెండర్‌లోంచి కొట్టేసి జనానికి చెప్పేయండి. ముందే చెప్పిన సెలవు వేరు, అప్పటికప్పుడు ఎగ్గొట్టడం వేరు.

టైము సాయంత్రం ఏడున్నరకి. పోస్టర్ మీద ఏడున్నర అని వేసి తొమ్మిదికి మొదలుపెట్టే అలవాటు మన ఊరికి బాగా ఉంది, దాన్ని మీరు మొదటి షోలోనే తెంచేయండి, పదిమంది ఉన్నా ఏడూ నలభైకల్లా మొదటి ట్యూన్ పడాలి. నలభై ఐదు నిమిషాలు ఒకటి, ఇరవై నిమిషాల విరామం, మళ్లీ నలభై ఐదు. తొమ్మిదిన్నర, తొమ్మిదీ నలభైకి అయిపోవాలి. గచ్చిబౌలి నుంచి బంజారాహిల్స్ దాకా ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చినవాడు మర్నాడు పొద్దున్నే మీటింగ్ ఉందన్న టెన్షన్ లేకుండా ఇంటికి పోగలగాలి, మెట్రోలో వచ్చినవాడికి తిరిగి రైలు దొరకాలి. చట్టం కూడా ఉంది, శబ్ద కాలుష్యం నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదు, ఆడిటోరియం లాంటి మూసి ఉన్న గదులకి మినహాయింపు ఉంది గానీ మీ కెఫే టెర్రస్ మీద కవర్ కప్పినంత మాత్రాన అది మూసి ఉన్న గది అయిపోదు. పక్కింటాయన ఒక్క ఫోన్ కొడితే చాలు.

ఇక గది. దీనిమీద నాకు పట్టింపులు ఎక్కువ, భరించండి. బ్రూవరీ, అంటే సొంతంగా బీరు కాచే పబ్బు, వద్దు. అక్కడ జీతం బాగా ఇస్తారు, నిజమే, కానీ టీవీలో క్రికెట్ నడుస్తుంటుంది, మేనేజర్ రెండో ట్యూన్‌కే వచ్చి కాస్త తెలిసిన పాటలు వాయించండి అంటాడు, మీరు మర్యాదకి ఒక సినిమా పాట వాయిస్తారు, ఇక వచ్చే వారం నుంచి జనం అడిగేది అదే. ముంబైలో బ్లూ ఫ్రాగ్ అనే మ్యూజిక్ క్లబ్బు అంత హంగుతో 2007లో మొదలై, అంత పేరు తెచ్చుకుని కూడా 2016లో మూతపడింది, పెద్ద గది అద్దె, పెద్ద కిచెను, ఇవన్నీ మోయాలంటే వారంలో చాలా రాత్రులు జాజ్ కానిది ఏదో పెట్టక తప్పదు. ఢిల్లీలో పియానో మ్యాన్, బెంగళూరులో విండ్‌మిల్స్ లాంటి చోట్ల నడుస్తోందంటే, అక్కడ గదిని కట్టేటప్పుడే వినడం కోసం కట్టారు. మనకి ఆ స్తోమత లేదు, అరవై మంది పట్టే గది చాలు. కెఫే మేడమీద గది, డ్యాన్స్ స్టూడియో, ఆర్ట్ గ్యాలరీ, ఏదైనా. బంజారాహిల్స్ లామకాన్ సంగతి మీకు తెలిసే ఉంటుంది, మద్యం లేకుండా చాయ్ సమోసాల మీద కూడా జనం రెండు గంటలు కుదురుగా కూర్చుంటారని ఈ ఊరికి చూపించిన చోటు అది.

గదిలోకి వెళ్లాక మొదట చేయాల్సిన పని కుర్చీలు తీసేయడం. అరవై పట్టే గదిలో నలభై కుర్చీలే వేయండి, మిగతావి తలుపు వెనక పేర్చి ఉంచండి. ముప్పై మంది వస్తే గది నిండుగా కనిపిస్తుంది, యాభై మంది వస్తే అప్పటికప్పుడు కుర్చీలు తెచ్చి వేస్తుంటే అందరికీ హుషారు. అరవై కుర్చీల్లో ముప్పై మంది అంటే అదే సంఖ్య, కానీ శవజాగారంలా ఉంటుంది. మొదటి వరుస డ్రమ్స్‌కి ఆరడుగుల దూరంలో, అర్ధచంద్రాకారంలో. డ్రమ్స్ కింద మందపాటి కార్పెట్, వెనక గోడకి దుప్పటో కర్టెనో. చిన్న గదిలో డ్రమ్స్‌కి మైకు అక్కర్లేదు, బాస్‌కీ కీబోర్డుకీ ఆంప్లిఫయర్లు ఉంటే చాలు, గది మొత్తం శబ్దాన్ని నిర్ణయించేది డ్రమ్మర్ చేతులే. అందుకే చర్చిలో గట్టిగా వాయించడానికి అలవాటు పడ్డ కుర్రాడికి బ్రష్షులు (కర్రల బదులు మెల్లగా వాయించడానికి వాడే తీగల కుంచెలు) కొనిచ్చి కూర్చోబెట్టడం మీ ప్రచార ఖర్చులో భాగమే అనుకోండి. పియానో ఎలాగూ దొరకదు, 88 కీల వెయిటెడ్ కీబోర్డు (పియానోలా కీలు బరువుగా ఉండేది) తెచ్చుకోండి, 61 కీల దాని మీద ఎడమ చెయ్యి ఆడదు. సౌండ్‌చెక్ ఐదింటికి, ఆరున్నరకి ముగించి గది ఖాళీ చేయండి, జనం వచ్చేసరికి ఎవడూ కేబుళ్లు లాగుతూ కనపడకూడదు.

కెఫేవాళ్లతో ముందే మాట్లాడుకోవాల్సింది ఒకటుంది. బాస్ సోలో నడుస్తుంటే, గది అంతా ఊపిరి బిగబట్టి వింటుంటే, వెనక కౌంటర్లో జూస్ మిక్సీ గర్రుమంటుంది. ప్రతి షోలో జరుగుతుంది ఇది, సరిగ్గా ఆ క్షణంలోనే జరుగుతుంది, ఏ దేవుడి శాపమో తెలీదు. సెట్ నడుస్తున్నంతసేపు మిక్సీ వేయకూడదు, బిల్లులు టేబుల్ దగ్గరికి తేకూడదు, ఆర్డర్లన్నీ మొదలవడానికి ముందూ విరామంలోనూ అని రాతపూర్వకంగా ఒప్పుకోండి. అందుకే ఇరవై నిమిషాల విరామం పెట్టమన్నాను, కెఫేకి డబ్బు వచ్చేది అప్పుడే. వాళ్లకి డబ్బు వస్తే మీకు అద్దె అడగరు.

డబ్బు లెక్క ఉదాహరణకి ఇలా వేసుకోండి. టికెట్ 450. నలభై ఐదు మంది కొంటే 20,250. నలుగురికి తలకి 3,500 చొప్పున 14,000, సౌండ్ మనిషికీ అద్దె సామానుకీ కలిపి 4,500, వీడియోకీ పోస్టర్‌కీ 1,500, టీలు, ఆటోలు, తాళం చెవి పట్టుకుని కూర్చునే వాచ్‌మన్ చేతిలో పెట్టేది కలిపి వెయ్యి. మొత్తం 21,000. అంటే గది నిండుగా ఉన్నట్టే అనిపించినా మీకు 750 చేతినుంచి పడింది, మీ కష్టానికి సున్నా. ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు, ఆరు నెలలకి ఎంత పోగొట్టుకోగలరో ముందే లెక్క వేసి పక్కన పెట్టుకోమంటున్నాను. వాద్యకారులకి ఇచ్చేది మాత్రం గ్యారంటీగా ఇవ్వండి, టికెట్లు తెగినా తెగకపోయినా, షో అయిన రాత్రే. టికెట్ల మీద వాటా అంటే వినడానికి న్యాయంగానే ఉంటుంది గానీ, పన్నెండు మంది వచ్చిన రాత్రి ఆ నష్టం వాయించినవాడి మీద పడుతుంది, వాడు తర్వాత మీ ఫోన్ ఎత్తడు. గ్యారంటీ కాక, యాభై మంది దాటితే పైన వచ్చేది పంచుకుందాం అనండి, అది బాగుంటుంది.

ఫ్రీ ఎంట్రీ పెట్టకండి. ఫ్రీ అంటే నూట యాభై మంది వస్తామని క్లిక్ చేస్తారు, పాతిక మంది వస్తారు, అందులో సగం మంది మధ్యలో లేచిపోతారు. స్టూడెంట్లకి 150 పెట్టండి, సంగీతం నేర్చుకుంటున్న పిల్లలకి యాభై పెట్టండి, కానీ ఎంతోకొంత పెట్టండి. టికెట్ 500 దాటకుండా చూసుకోవడానికి ఇంకో కారణం ఉంది, సంగీత కచేరీకి తలకి 500 వరకు ఉంటే జీఎస్టీ మినహాయింపు, దాటితే 18 శాతం.

ఇప్పుడు ప్రచారం, మీరు అసలు అడిగింది. యాడ్స్‌తో వచ్చేవాళ్లు ఒకసారి వస్తారు, ఫోటో దిగుతారు, పోతారు. గుమ్మం దగ్గర ఒక నోటుబుక్కు పెట్టి వచ్చిన ప్రతివాడి వాట్సాప్ నంబరూ అడిగి రాయించుకోండి, నెలకి రెండే మెసేజులు పంపుతామని చెప్పండి, రెండే పంపండి. గుడ్ మార్నింగులు, పండగ శుభాకాంక్షలు వద్దు. ఈ లిస్టు మూడొందలు దాటిన రోజు మీకు యాడ్స్ అక్కర్లేదు. మెసేజ్‌లో ఎవరు వాయిస్తున్నారు, ఎన్నింటికి మొదలై ఎన్నింటికి అయిపోతుంది, బండి ఎక్కడ పెట్టుకోవాలి, తినడానికి ఏముంది, ఇవి ఉండాలి. కొత్తగా వచ్చేవాడి అసలు భయం జాజ్ అర్థం కాదేమోనని కాదు, పార్కింగ్ దొరకదేమోనని. పోస్టర్ మీద సాక్సోఫోన్ నీడబొమ్మ, పొగ, టోపీ పెట్టుకున్న మనిషి, ఇవి చూసి చూసి విసుగొచ్చింది, మీ నలుగురి మొహాలు వేయండి. ఒక పోస్టర్ తెలుగులో కూడా వేయండి. తెలుగు పేపర్ల సిటీ పేజీ వాళ్లకి ఇంగ్లీషు ప్రెస్‌నోట్ పంపితే ఎవరూ చూడరు, తెలుగులో నూట యాభై మాటలు రాసి రెండు మంచి ఫోటోలతో పంపితే యథాతథంగా వేసేస్తారు.

వినేవాళ్లు ఎక్కడున్నారంటే, అందరూ వెతికే ఎక్స్‌పాట్లు (ఇక్కడ ఉంటున్న విదేశీయులు), ఐటీ కుర్రాళ్లు ఎలాగూ వస్తారు, మీరు వెతకని చోట రెండు గుంపులున్నాయి. ఒకటి కర్ణాటక సంగీతం కచేరీలకి వెళ్లేవాళ్లు. అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరం, మృదంగం సోలో అయిన తని ఆవర్తనం విని వేళ్ల మీద తాళం లెక్క వేసేవాడికి మీ సోలో ఏమిటో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు, పల్లవి ఒకసారి చెప్పి, దాని మీద అల్లుకుంటూ పోయి, మళ్లీ పల్లవికి రావడం వాడికి చిన్నప్పటినుంచీ తెలుసు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాక్లిన్ పక్కన కూర్చుని రిమెంబర్ శక్తి బృందంలో వాయించాడంటే ఆ దారి ఉండబట్టే కదా. సభలవాళ్లని వెళ్లి కలవండి, మీ మొదటి సెట్‌లో ఐదో ఏడో మాత్రల ట్యూన్ ఒకటి పెట్టండి, ఆ ముసలాయనలు ముందు వరుసలో తాళం వేస్తుంటే మీ డ్రమ్మర్‌కి చెమటలు పడతాయి. రెండో గుంపు వాయించేవాళ్లే: సికింద్రాబాద్ చర్చిల బాసిస్టులు, సినిమా సెషన్లలో నొటేషన్ చదివే కీబోర్డు వాళ్లు, పెళ్లి మేళంలో సన్నాయి పక్కన సాక్సోఫోన్ వాయించేవాళ్లు. వీళ్లు టికెట్ కొనరు, వాద్యం తెచ్చుకుంటే ఎంట్రీ ఉచితం అనండి, మూడో బుధవారం రెండో సెట్‌ని జామ్‌కి, అంటే వచ్చినవాళ్లు కలిసి అప్పటికప్పుడు వాయించడానికి, వదలండి. జామ్‌కి ఒక పెద్ద ఉండాలి, పేర్లు కాగితం మీద రాసుకుని పిలవాలి, తలకి రెండు కోరస్‌లు (ట్యూన్ మొత్తం రెండు చుట్లు) అని ముందే చెప్పాలి, లేకపోతే ఎవడో ఒక గిటారిస్టు పన్నెండు నిమిషాలు వాయించి సగం గదిని ఇంటికి పంపేస్తాడు. ఆ సాక్సోఫోన్ మేళం ఆయన ఒకసారి మీ మోడల్ ట్యూన్ (రాగంలా ఒకే స్వరాల వరస మీద నడిచేది) మీద వాయిస్తే చూడండి, నేను చెప్పడం కాదు.

స్టేజీ మీద మాటలు తక్కువ, కానీ కొన్ని ఉండాలి. ట్యూన్ పేరు, ఎవరు రాశారు, దేని గురించి, మూడు ముక్కల్లో తెలుగులోనో హైదరాబాదీ హిందీలోనో చెప్పండి. సోలో అయ్యాక చప్పట్లు కొట్టొచ్చని మొదటి షోలో ఒక్కసారి నవ్వుతూ చెప్తే చాలు, మిగతాది పాతవాళ్లని చూసి కొత్తవాళ్లు నేర్చుకుంటారు.

మూడు నాలుగు నెలలు నడిచాక బయటివాళ్లని పిలవొచ్చు. ఇక్కడ కిటుకు ఏంటంటే విదేశీ బృందాలు ఢిల్లీ, ముంబై, బెంగళూరు చుట్టూ తిరుగుతుంటాయి, వారాంతాలు అక్కడ, మధ్యలో మంగళ, బుధవారాలు హోటల్లో ఊరికే కూర్చుంటారు. ఆ క్లబ్బుల బుకింగ్ చూసేవాళ్లతో పరిచయం పెంచుకుంటే, విమానం టికెట్లూ బసా ఇచ్చి తక్కువ ఫీజుకి మీ బుధవారానికి రప్పించుకోవచ్చు. జర్మన్ల గోథె జెంట్రుమ్, ఫ్రెంచివాళ్ల అలియాన్స్ ఫ్రాన్సేజ్ లాంటి సాంస్కృతిక కేంద్రాల వాళ్లకి కూడా ఇక్కడ నమ్మకమైన చోటొకటి కావాలి, వాళ్ల ఆర్టిస్టులని తెచ్చే ఖర్చు వాళ్లు పెట్టుకుంటారు. ఏప్రిల్ 30 అంతర్జాతీయ జాజ్ దినం, జూన్ 21 సంగీత దినం, వీటికి రెండు నెలల ముందే వెళ్లి అడగండి. టూరిస్టు వీసా మీద ఉన్నవాళ్లతో మాత్రం టికెట్ షో పెట్టకండి, సరైన వీసా ఉన్నవాళ్లకైనా ఫీజు ఇస్తే విదేశీ కళాకారుల మీద 20 శాతం పైచిలుకు పన్ను మీరే కోసి కట్టాలి, మీ సీఏని ముందే అడగండి.

లైసెన్సుల సంగతి క్లుప్తంగా: సొంత ట్యూన్లు వాయిస్తూ, రాసినవాళ్లెవరూ ఐపీఆర్ఎస్ (పాటలు కట్టినవాళ్ల, రాసినవాళ్ల తరఫున రుసుము వసూలు చేసే సంస్థ) సభ్యులు కాకపోతే దాని గొడవ లేదు, స్టాండర్డ్స్, అంటే జాజ్‌లో అందరూ వాయించే పాత ట్యూన్లు, వాయిస్తే ఐపీఆర్ఎస్ లైసెన్సు చూసుకోవాలి. విరామంలో స్పీకర్లలో రికార్డు పాటలు వేస్తే అది మళ్లీ వేరే, రికార్డింగుల హక్కులు చూసే పీపీఎల్ లైసెన్సు. నేనైతే విరామంలో ఏమీ వేయను, జనాన్ని మాట్లాడుకోనిస్తాను. స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఒక లెటర్ ఇచ్చి రసీదు తీసుకుని ఫోన్‌లో ఫోటో పెట్టుకోండి, ఎప్పుడో ఒకరోజు అక్కరకొస్తుంది.

ప్రతి షోనీ మల్టీట్రాక్‌లో, అంటే ఒక్కో వాద్యం విడివిడిగా, రికార్డు చేయండి, అన్నీ బయటపెట్టక్కర్లేదు, నెలకి ఒక్క తొంభై సెకన్ల ముక్క, బృందం సరే అన్నది మాత్రమే. స్పాన్సర్ దగ్గరికి వెళ్లేది అప్పుడు, చేతిలో ఆరు నెలల షోల లిస్టు, ఎంతమంది వచ్చారో లెక్క, ఆ వీడియోలు పట్టుకుని. ఫెస్టివల్ గురించి కూడా అప్పుడు మాట్లాడదాం.

మీరిప్పుడు చూస్తున్న కెఫే గది పొడుగూ వెడల్పూ, సీలింగ్ ఎత్తూ, తలుపు ఎటుందో ఒక ఫోటో తీసి పెట్టండి, డ్రమ్స్ ఏ మూల పెట్టాలో చెప్తాను. సీలింగ్ ఫాల్స్‌దా సిమెంటుదా అనేది కూడా రాయండి.